రోబో పోటీలు, ఆడపిల్లల సాయంత్రాలు

(నరసరావుపేటలో ఉపాధ్యాయినులు, విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోబోల పోటీకి మొదటిసారి వెళ్లే జట్టు ఎందుకు ఓడిపోతుంది? డబ్బు లేదు, సామాను లేదు అంటారు చాలామంది. నేనది పూర్తిగా ఒప్పుకోను. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు పెట్టారు. సామాను వచ్చినా అది బీరువాలోనే ఉండిపోతే జట్టు తయారవదు.

ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే పోటీ చూడండి. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఆడతారు. మొదటి 30 సెకన్లు రోబో ముందే రాసిన ప్రోగ్రాము ప్రకారం తనంతట తాను నడవాలి. తర్వాత రెండు నిమిషాలు పిల్లలు రిమోట్‌తో నడుపుతారు. రెండేసి జట్లు ఒక పక్షం. కొత్త జట్టు పాయింట్లు వచ్చే పనులన్నీ చేసే యంత్రం కట్టబోయి, పోటీ ముందు రాత్రి దాకా స్క్రూలు బిగిస్తూనే ఉంటుంది. నడపాల్సిన పిల్ల దాన్ని ఒక్కసారీ నడిపి చూసి ఉండదు. నిబంధనల పుస్తకం ఆసాంతం చదివి, ఒక్క పని ఎంచుకుని, గట్టి చక్రాల బండి మీద ఆ పని తప్పకుండా చేయగలిగితే చాలు. చివరి ఆటలకు ముందు వరసలోని జట్లు తోడు వెతుక్కునేటప్పుడు ఇలాంటి వాళ్లనే చూస్తాయి. మిగతా రోజులన్నీ నడపడానికే. ఏ వైరు ఊడుతుందో, బ్యాటరీ తగ్గితే రోబో చెయ్యి ఎంతవరకు లేస్తుందో వందసార్లు నడిపితేనే తెలుస్తుంది.

ఆ వందసార్లు ఎప్పుడు? బడి వదిలాక. మాచర్ల వైపు, గురజాల వైపు పల్లెలకు పోవాల్సిన పిల్ల బస్సు వేళ చూసుకోవాలి. హాస్టలు పిల్లకు గేటు వేళ. ఇంటికి చేరితే అంట్లు, తమ్ముడు. మిరప కోతల రోజుల్లో అమ్మ చీకటి పడ్డాకే వస్తుంది గనక వంట కూడా. మగపిల్లలు ల్యాబులోనే ఉంటారు, నెల తిరిగేసరికి రోబో వాళ్ల చేతికి అలవాటవుతుంది. అప్పుడు 'నీ దస్తూరీ బాగుంటుందమ్మా' అని ఈ పిల్లకు నోటుబుక్కూ చార్టులూ ఇస్తారు. ఇదంతా ప్రతిభను బట్టి జరిగిన పంపకమట! వంటింటి పంపకం గురించీ ఇదే మాట విన్నాం.

పోటీకి దిగిన ఆడదాన్ని పల్నాడు ఎలా గుర్తుపెట్టుకుందో కూడా తెలుసు కదా. కోడిపందెంలో నెగ్గిన నాగమ్మ యుద్ధం తెచ్చిన మనిషి. అదే పందెం ఒడ్డిన బ్రహ్మనాయుడికి ఆ నింద అంటలేదు.

వేళల సంగతి అడగకూడనిదేం కాదు. 2022లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు హాస్టలులో రాత్రి తొమ్మిదిన్నర నిబంధన మీద కేరళ హైకోర్టుకు వెళ్లారు. ఆడపిల్లలనే ఎందుకు లోపల పెట్టాలని కోర్టు అడిగింది. మనవాళ్లు బడి పిల్లలు, అంతదూరం అక్కర్లేదు. బడి వేళల్లోనే ఒక గంట ల్యాబుకని టైంటేబుల్లో పెట్టించండి. సాయంత్రం ఉండాల్సి వస్తే, ఊరిదాకా ఆటో ఖర్చు జట్టు బడ్జెట్‌లో మోటార్ల పక్కనే రాయండి. రిమోట్ ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ల్యాబు తాళంచెవి ఒకటి ఆడపిల్లల దగ్గర ఉండనివ్వండి.