ఆ కన్నీళ్ళు అవిశ్వాసం కాదు



మన ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి వలన వచ్చింది. 1967లో మొదలైన ఆ సంస్థ ఒకప్పుడు టీవీలు కూడా తయారుచేసింది. అక్కడ పనిచేసి రిటైరైన పెద్దలకు ఒక సంగతి బాగా తెలుసు. బొమ్మ వణికితే తప్పు బొమ్మది కాదు, లోపలి సర్క్యూట్‌ది.

పక్షవాతం వచ్చినవారు ఆసుపత్రి నుండి ఇంటికి వస్తే, చేయి లేస్తుందా, కాలు కదులుతుందా అని చూస్తాము. కాని ఆ మొదటి వారాలలో వేరే బాధలూ ఉంటాయి. ఎవరైనా పలకరిస్తే చాలు, భోరున ఏడుస్తారు. నవ్వకూడని చోట నవ్వుతారు. చిన్న మాటకే కసురుతారు. కాసేపు కూర్చుంటే అలసిపోతారు. చెప్పవలసిన మాట నోటికి రాదు. అప్పుడు మనమేమంటాము? "ఇంత ప్రార్థనాపరుడు, ఇలా అధైర్యపడతాడేమిటి?" అంటాము.

సహోదరీ సహోదరులారా, ఆ మాట అనకండి. భావాలను అదుపు చేసే మెదడు భాగాలు కూడా దెబ్బతినవచ్చు. పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరు ఏదో ఒక దశలో డిప్రెషన్‌కు లోనవుతారని వైద్యులు చెబుతారు.

ఏలీయాను చూడండి. అంతటి ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణం తీసికొమ్మని దేవుని అడిగాడు. దేవదూత గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మరల పడుకోనిచ్చాడు. రెండవసారి లేపి మరల భోజనం చేయుమన్నాడు. దేవుడు ప్రశ్న అడిగింది ఆ తరువాతనే.

మీ ఇంటిలోనూ ఆ క్రమమే పాటించండి. విశ్రాంతి తీసికోనివ్వండి. పరామర్శకు ఇద్దరు ముగ్గురే వెళ్ళండి, ప్రార్థన క్లుప్తంగా చేయండి. మాట రానివారిని అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగండి. రాత్రంతా మేలుకొనే ఇంటివారికి ఒక పూట సెలవివ్వండి. దిగులు రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, దానికి చికిత్స ఉన్నది. చనిపోవాలనే మాట వస్తే ఒక్క పూట కూడా ఆగకండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

మంచము మీద నుండి వింటున్న అన్నా, అక్కా, మీ కన్నీటికి సిగ్గుపడకండి. ఏలీయాను పడుకోనిచ్చిన దేవుడు మిమ్మును కూడా తొందరపెట్టడు. ఆయన మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.