ఫ్లూ టీకా వేయించుకోవాలా?

2009 మే నెలలో మన దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాదులోనే, అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుడిలో. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. దేశంలో తయారైన టీకా 2010 మధ్యలో గానీ రాలేదు.

టీకా అంటే జంకేవాళ్లకు గుర్తొచ్చేది 1976 నాటి అమెరికా. ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ కనబడగానే ఆ దేశంలో 4 కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. అనుకున్న మహమ్మారి రాలేదు. టీకా వేయించుకున్న ప్రతి లక్షమందిలో సుమారు ఒకరికి మాత్రం గిలెయిన్-బారే అనే నరాల జబ్బు అదనంగా వచ్చింది. కాళ్లలో తిమ్మిరి, నీరసంతో మొదలై పైకి పాకే జబ్బు అది. ఇందులో దాచాల్సిందేమీ లేదు. అయితే ఫ్లూ సోకినా ఇదే జబ్బు రావచ్చు, ఆ ముప్పే ఎక్కువ. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు!

2009 ఫ్లూ పడుచువాళ్లను, గర్భిణులను గట్టిగా దెబ్బతీసింది. గర్భిణులు, ఉబ్బసం, షుగరు ఉన్నవాళ్లు టీకా వేయించుకోవడానికి తటపటాయించకూడదనే నేనంటాను. గతంలో టీకా పడక తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు, గిలెయిన్-బారే వచ్చినవాళ్లు ముందు డాక్టరును అడగండి. సూది వేయించుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మిగతావాళ్లు ఊళ్లో జబ్బు ముదిరేదాకా ఆగకండి.