క్రోన్స్ వ్యాధి: ఆకలి మందగించినప్పుడు ఇంటివారు చేయవలసినవి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ వేదిక మీద చదువుల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. షుగరు గురించీ, బి.పి. గురించీ మీరు ఇదివరకే చాలా విన్నారు. అందుచేత కొన్ని ఇళ్ళల్లో ఉండి కూడా పేరు తెలియక, తెలిసినా పైకి చెప్పుకోలేక బాధపడే ఒక జబ్బును తీసుకున్నాను. దాని పేరు క్రోన్స్ వ్యాధి. అందులోనూ ఆకలి పోవడం, మనిషి చిక్కిపోవడం అనే రెండు విషయాలే ముఖ్యంగా చెబుతాను. ఎందుకంటారా? మందు రాసేది డాక్టరు, అన్నం పెట్టేది మనం.

1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు డాక్టర్లు 14 మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించారు. చిన్నపేగు చివరి భాగం వాచి, పుళ్ళు పడి, ఇరుకైపోయే జబ్బు అది. వ్యాసంలో ముందున్న పేరు క్రోన్‌ది గనుక ఆ పేరే నిలిచిపోయింది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా ఈ జబ్బు రావచ్చునని తరువాత తెలిసింది. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారితప్పి సొంత పేగు మీద తిరగబడుతుందన్నమాట. కడుపునొప్పి, విరేచనాలు, జ్వరం, నీరసం దీని లక్షణాలు. ఒక్కోసారి తగ్గినట్టుంటుంది, మళ్ళీ తిరగబెడుతుంది.

ఇది అంటుజబ్బు కాదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని, ఒకే పళ్ళెంలో తిన్నా రాదు. దిష్టి కాదు, ఎవరో చేయించిందీ కాదు. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు గాని, అదుపులో పెట్టే మందులున్నాయి. సరిగ్గా వాడుకుంటే చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, పిల్లల్ని కనవచ్చు.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. పేగుకు వచ్చే క్షయ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటనే రెండూ తరచుగా వస్తాయి. రెండింటిలోనూ బరువు తగ్గుతుంది. కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షించినా ఒక్కోసారి తేల్చడం కష్టమే. క్షయ ఉన్నవాళ్ళకు క్రోన్స్ మందులిస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్‌కు క్షయ మందులు నెలల తరబడి వాడితే ఈలోగా పేగు పాడవుతుంది. కాబట్టి పక్కింటివారికి పనిచేసిన మాత్రలు మనం వేసుకోరాదు.

ఇక ఆకలి ఎందుకు పోతుందో చూద్దాం. మొదటిది, పేగులో వాపు ఉన్నప్పుడు రక్తంలోకి కొన్ని రసాయనాలు విడుదలవుతాయి. అవి మెదడు దాకా వెళ్ళి ఆకలిని అణిచేస్తాయి. జ్వరం వచ్చిన రోజున మనకు అన్నం సయించదు చూడండి, అదే పరిస్థితి వీళ్ళకు వారాల తరబడి ఉంటుంది. రెండవది భయం. తిన్న అరగంటకు కడుపు మెలిపెడితే, బస్సులోనో బడిలోనో పరుగెత్తవలసివస్తే, ఎవరైనా తినడానికి జంకుతారు. మూడవది, కొన్ని మందులు నోరు చేదు చేస్తాయి. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు ఇనుము నాకినట్టుంటుంది. ఒంట్లో జింకు తగ్గినా రుచి తెలియదు. నాలుగవది దిగులు. ఇవన్నీ ఒకవైపు. ఇంకోవైపు తిన్నది కూడా సరిగా ఒంటబట్టదు, విరేచనాల్లో పోతుంది, పైగా వాపుతో పోరాడుతున్న శరీరం మామూలు కంటే ఎక్కువ మాంసకృత్తులు ఖర్చుచేస్తుంది. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన సంసారం అది. మనిషి చిక్కక ఏమవుతాడు?

అందుచేత తల్లులకూ, అత్తగార్లకూ నా మనవి ఒకటుంది. “ఇంత కష్టపడి వండితే తినవేం?” అని నిలదీయకండి. తినకపోవడం మొండితనం కాదు, జబ్బులో ఒక భాగం. పళ్ళెం నిండా వడ్డించి ఎదురుగా కూర్చుంటే ఆ పిల్లవాడికి అన్నం చూడగానే కన్నీళ్ళొస్తాయి. చిన్న గిన్నెలో కొంచెం పెట్టండి. కావాలంటే మళ్ళీ అడుగుతాడు. బెదిరింపు కంటే పక్కన కూర్చుని మనమూ తినడం మేలు.

మొదట చేయవలసిన పని, వారానికి ఒకసారి తూకం చూడటం. ఒకే రోజు, ఉదయం, పరగడుపున, ఒకే మిషను మీద చూసి నోటుబుక్కులో రాసుకోండి. మూడు నెలల్లో నూటికి 5 వంతులు బరువు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, అది చిన్న విషయం కాదు. డాక్టరుకు చెప్పాలి. “తిండి తినక తగ్గాడులే” అని సరిపెట్టుకోకూడదు. చాలాసార్లు జబ్బు లోపల రగులుతోందని చెప్పే మొదటి గుర్తు ఆ తూకమే.

ఎంత తినాలి? జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 30 నుంచి 35 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులన్నమాట. లెక్క చూసి భయపడనక్కర్లేదు. రెండు గుడ్లలో 12 గ్రాములు, రెండు గ్లాసుల పాలు లేక పెరుగులో సుమారు 13, ఒక గిన్నెడు పప్పులో 7, వంద గ్రాముల చికెన్ లేక చేపలో 20, రోజంతా తినే అన్నంలో మరో 14 గ్రాములు. మొత్తం 66 అయింది.

దీన్ని మూడు పూటల్లో కుక్కకండి. ఆరు చిన్న పూటలు చేయండి. చాలామందికి ఉదయం కొంచెం ఆకలి ఉంటుంది. బలమైనది అప్పుడే పెట్టండి. అన్నం ముందు గ్లాసులకొద్దీ నీళ్ళు తాగనివ్వకండి, కడుపు నిండిపోతుంది. నీళ్ళు పూటకీ పూటకీ మధ్య తాగవచ్చు. తక్కువ పరిమాణంలో ఎక్కువ బలం ఉండాలి. గంజిలో పెరుగు, పెసరపప్పు ఖిచ్డీలో చెంచాడు నెయ్యి, రాగిజావలో పాలపొడి, మెత్తగా ఉడికించిన కీమా, ముల్లు తీసిన చేప, గుడ్డు వేసిన మెత్తని అన్నం, సేమియా ఖీర్. ఇవన్నీ మన వంటింట్లో ఉన్నవే. వేపుళ్ళ వాసన పడకపోతే చల్లారిన తరువాత పెట్టండి. పాలు పడనివారికి పెరుగు పడవచ్చు. ఏది తింటే ఏమైందో ఒక పుస్తకంలో రాసుకుంటే, ఎవరికి ఏది పడదో వాళ్ళకే తెలుస్తుంది.

పథ్యం పేరుతో అన్నీ మాన్పించడం మన దగ్గర పెద్ద జాడ్యం. పాలు వద్దు, గుడ్డు వద్దు, మాంసం వద్దు, చివరికి చారన్నం మిగులుతుంది. క్రోన్స్ రోగులందరికీ పనికివచ్చే ఒకే పథ్యమంటూ లేదు. అయితే పేగు ఇరుకైందని స్కానింగులో తేలినవారు మాత్రం జాగ్రత్త పడాలి. తొక్కలు, గింజలు, పీచు కూరలు, మొక్కజొన్న, పలుకులుగా వేరుశెనగ, నమలడానికి గట్టిగా ఉండే మాంసం మానాలి. అవి ఆ ఇరుకులో అడ్డుపడతాయి.

ఇంటి తిండి చాలనప్పుడు డాక్టర్లు పోషక ద్రవాలు రాస్తారు. పిల్లల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు అన్నం మాన్పించి కేవలం అలాంటి ద్రవాహారమే ఇస్తే పేగు వాపు కూడా తగ్గుతుంది. అంటే అక్కడ ఆహారమే మందు. కాని అది డాక్టరు చూపులోనే జరగాలి. అలాగే చాలా రోజులు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమే. రక్తంలో లవణాలు పడిపోతాయి. అలాంటివారిని ఆస్పత్రిలో చేర్చి మెల్లగా మొదలుపెట్టాలి.

చిన్నపేగు చివర పాడైనా, కోసి తీసేసినా బి12 విటమిన్ ఒంటబట్టదు. దానికి ఇంజక్షన్లు కావలసిరావచ్చు. ఇనుము, డి విటమిన్ కూడా పరీక్ష చేయించుకోవాలి. స్టెరాయిడ్లు వేసుకుంటే ఆకలి పుడుతుంది, ముఖం నిండుతుంది. “కోలుకున్నాడు” అని సంబరపడతాం. అది నీరూ కొవ్వే. లోపల కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. అందుకే వాటిని కొద్దికాలమే వాడి, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి. మన ఇష్టానికి ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజక్షన్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చాక చికిత్స చాలా మారింది. కాని అది మొదలుపెట్టే ముందు నిద్రాణంగా క్షయ ఉందేమో చూడక తప్పదు. బీడీ, సిగరెట్టు ఈ జబ్బును మరింత చెడగొడతాయి. నొప్పి మాత్రలు అడిగి మరీ వేసుకోవాలి.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఆరోగ్యవంతురాలికే మంచిది కాదు. ఈ జబ్బున్న పిల్లకు అసలే పనికిరాదు. బరువు బాగా తగ్గితే నెలసరి ఆగిపోతుంది. సంబంధాలు రావని జబ్బు దాచి, పెళ్ళయ్యాక అత్తవారింట మందులు దాచుకుని మింగే పరిస్థితి తేకండి. ముందే చెప్పి చేసిన పెళ్ళి నిలుస్తుంది. చిన్నపిల్లల్లో తూకంతోపాటు ఎత్తు కూడా కొలవండి. కడుపునొప్పి పెద్దగా లేకపోయినా పిల్లవాడు ఎదగకపోవడమే జబ్బుకు గుర్తు కావచ్చు.

రంజాన్ గురించి ఎవరైనా అడుగుతారని నాకు తెలుసు. జబ్బు ఉధృతంగా ఉన్నవారు, బరువు తగ్గుతున్నవారు, పేగు ఇరుకైనవారు, స్టెరాయిడ్లమీద ఉన్నవారు రోజా ఉండరాదని వైద్యం చెబుతుంది. బీమారుకు దీన్‌లోనే వెసులుబాటు ఉంది. తరువాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చు, అదీ వీలుకాకపోతే ఫిద్యా ఉంది. వివరం మీ ఆలిమ్‌గారిని అడగండి. జబ్బు అణిగి ఉన్నవారు షాబాన్ నెలలోనే డాక్టరుతో మాట్లాడి, మందుల వేళలు మార్పించుకోవాలి. ఇఫ్తార్‌లో ఖాళీ కడుపుమీద మిరపకాయ బజ్జీలు, సమోసాలు వద్దు. హలీమ్ మెత్తనిదే గాని మసాలా, నెయ్యి ఎక్కువ. వేయించిన ఉల్లిపాయ తీసేసి చిన్న గిన్నెడుతో సరిపెట్టుకోండి. రోజా ఉండలేనివాణ్ణి చూసి “ఇంత పడుచువాడికి ఏం రోగం?” అనే మాట మాత్రం మనలో ఎవరి నోటా రాకూడదు. ఆ మాటకు జడిసి పస్తుండేవాళ్ళున్నారు.

విరేచనాలు ఎక్కువైతే లీటరు మంచినీటిలో ఆరు తలకొట్టిన టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే, లేక ఎక్కువ జ్వరం, నెత్తురు విరేచనం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చివరగా సంఘానికి రెండు సూచనలు. కార్యాలయంలో ఒక మంచి తూకపు మిషను, ఎత్తు కొలిచే బద్ద పెట్టించండి. ఏ జబ్బువారైనా వచ్చి చూసుకుంటారు. రెండవది, ఈ చికిత్స ఏళ్ళతరబడి సాగేది. ఆపరేషనుకు చందాలిచ్చే మనం, నెలనెలా మందులకు, పోషకాహారానికి ఇవ్వడానికి వెనకాడతాం. మందు మధ్యలో ఆగిపోతేనే ఆ ఆపరేషను దాకా వస్తుంది. వైద్య సహాయ నిధిలో దీనికి కొంత కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

 జబ్బుపడ్డవారందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక.