మాంసకృత్తులు - మూత్రపిండములు
(రుద్రంగి కులసంఘ వార్షిక మహాసభయందు చదివిన ప్రసంగము)



బడిలో సంస్కృతము చెప్పుకొని కాలము గడపిన మేము వైద్యవిషయమును ముచ్చటించుట సాహసమే. అయినను ఒక పదమునకు అర్థము తప్పుగా గ్రహించుటచే మా మేనల్లుడు పడిన బాధను కన్నులార చూచి యుండుటచే ఊరకుండలేకపోతిమి.

ఆ పదము మాంసకృత్తు. ప్రోటీను అని వాడుక. మాంసమును కలిగించునది యని దాని వ్యుత్పత్తియే గాని మాంసమని అర్థము కాదు. 300 గ్రాముల బియ్యమున సుమారు 23, 50 గ్రాముల కందిపప్పున 11, గ్లాసెడు పాలలో 6 గ్రాముల మాంసకృత్తు కలదు. వెరసి 40.

మూత్రపిండముల శక్తి సన్నగిల్లి, డయాలిసిస్ ఇంకను ఆరంభము కాని పెద్దవారికి, దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.8 గ్రాము చాలునని 2024లో వెలువడిన అంతర్జాతీయ వైద్యసూత్రములు చెప్పుచున్నవి. 50 కిలోల మనిషికి ఆ లెక్క సరిగా 40. అనగా మన యింటి భోజనముననే అది యున్నది. దానిపై యాటకూరయు, డబ్బాలలో అమ్ము పొడులును చేరినచో, అందుండి పుట్టు యూరియాను వడియగట్టు భారము శిథిలమైన మూత్రపిండములపై పడును.

మా మేనల్లుడు గల్ఫునుండి వచ్చిన పిమ్మట పరీక్షలో రోగము బయటపడినది. మాంసకృత్తు తగ్గింపుమనగా మాంసముతోపాటు పప్పును, పాలను సయితము విడిచి, ఉత్త అన్నమును ఊరగాయయు తినెను. ఉప్పుచే కాళ్లు వాచెను, ఒడలు కృశించెను. డయాలిసిస్ మొదలైన వెనుకను అదే పథ్యము సాగించెను. ఆ చికిత్సలో మాంసకృత్తు కొంత నష్టమగును గనుక అప్పుడు కిలోకు 1 మొదలు 1.2 గ్రాముల వరకు కావలయునట! వైద్యులు చెప్పువరకు మేమెరుగము. పైగా గట్టి పథ్యము చేయుచున్నాడని మెచ్చుకొంటిమి. ఆ మెప్పు నేటికిని మమ్ము బాధించుచున్నది.

రోగిని తిండిపోతని నిందించుటయు తగదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మధుమేహము గాని రక్తపుపోటు గాని లేని కూలీలకును ఈ వ్యాధి వచ్చుచున్నది. కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. అచ్చటివారికై 2023 డిసెంబరులో పలాసయందు ప్రత్యేక వైద్యశాల వెలసినది.

కావున మా మనవులు మూడు. విందులో రోగి విస్తరియందు ఇంకొక ముక్కయని బలవంతముగా వడ్డింపకుడు. కొలత అందరికిని ఒకటి కాదు గనుక ఎవరికెంతయో వైద్యునే అడుగుడు. మధుమేహము, రక్తపుపోటు గలవారును, ఎండలో ఏండ్లతరబడి శ్రమించి వచ్చినవారును ఏటేట రక్తమున క్రియాటినినును, మూత్రమున ఆల్బుమినును పరీక్ష చేయించుకొనవలయును. పోషక మహాశయులు వార్షిక విందునకిచ్చు విరాళమున కొంత భాగమును ఈ పరీక్షలకు కేటాయించిన, అదియు అన్నదానముతో సమానమేయని విన్నవించి విరమించుచున్నాము.

స్వస్తి.