కార్జమునకు రక్తము వచ్చు త్రోవలు



పల్లెలలో కార్జమని మనము చెప్పుకొను అవయవమునే కాలేయమనియు, యకృత్తనియు నందురు. యకృత్ప్లీహములు రక్తమును వహించు స్రోతస్సులకు మూలములని చరక సుశ్రుతులు చెప్పిరి. విద్యార్థిదశలో వల్లించిన యీ మాటను నేఁటి శరీరశాస్త్రముతో సరిచూచుట నాకొక వేడుక. రక్తము గుండెచేత నడుపఁబడి, దేహమెల్లఁ దిరిగి, మరల గుండెకే వచ్చునని హార్వే యను ఆంగ్ల వైద్యుఁడు 1628లో ప్రకటించెను. అయినను కార్జమునకు రక్తముతోఁ గల చుట్టఱికము చిన్నది కాదు.

పెక్కు అవయవములకు రక్తము ధమనినుండి మాత్రమే వచ్చును. కార్జమునకో, రెండు త్రోవలు గలవు. ధమని తెచ్చునది సుమారు నాలవపాలు మాత్రమే. మిగిలిన మూడుపాళ్లను ద్వారసిర తెచ్చును. ఈ సిర జీర్ణకోశము, ప్రేగులు, ప్లీహము వీని రక్తమును ప్రోగుచేసి, తిన్న యన్నము యొక్క సారముతోఁ గూడ ముందుగాఁ గార్జమున కప్పగించును. రెండు త్రోవలం గలిసి వచ్చునది నిమిషమునకు దాదాపు ఒకటిన్నర లీటరు. కార్జము సారమును నిలువచేసి, విషములను విఱిచి, రక్తమును గుండెకుఁ బంపును.

మడి మేటవేసినచోఁ గాలువనీరు వెనుకకుఁ దన్ని, బలహీనమైన చోట గట్టు తెగును గదా! మద్యమువలనఁగాని, హెపటైటిస్ బి, సి వైరసులవలనఁగాని కార్జము గట్టిపడినచో ద్వారసిరలో నట్లే యగును. ప్లీహ ముబ్బి, మనవారు బల్ల యనునది పెరుగును. కడుపున నీరుచేరి జలోదర మగును. అన్ననాళము క్రిందికొనయందలి సిరలు ఉబ్బి, ఒకనాఁడు చిట్లును. అంతవఱకుఁ దిరుగుచున్న మనుష్యుఁడు హఠాత్తుగా నెత్తురు కక్కును. లేదా మలము తారువలె నల్లనగును.

అప్పుడు కొందఱు చేతబడి యందురు. ఏ దిక్కులేని ముసలిదానిపైననో నింద మోపుదురు. ఒక ప్రాణము పోవుచుండఁగా రెండవ ప్రాణమునకు ముప్పు తెత్తురు.

పెద్దలారా! ఊరిలో మీ మాట చెల్లును గనుక మీకే విన్నవించుచున్నాను. అట్టి రోగిని ప్రక్కకుఁ దిరిగి యుండునట్లు పరుండఁబెట్టి, నోట నేమియుఁ బోయక, తక్షణమే 108 బండిని పిలిపింపుఁడు. నెత్తురు కక్కుటకు జీర్ణకోశమందలి పుండు మొదలగు కారణములును గలవు. తేల్పవలసినవాఁడు వైద్యుఁడు, భూతవైద్యుఁడు కాఁడు. చిట్లినది సిరయే యైనచో, నోటిగుండ గొట్టము దింపి దానికిఁ బట్టీ బిగించు విధానము నేఁడు గలదు.

త్రాగుడు మాన్పింపుఁడు. పుట్టిన 24 గంటలలోపల శిశువునకు హెపటైటిస్ బి టీకా వేయింపుఁడు. ఈ నాలుగు మాటలు మీ రచ్చబండకడ వినిపింతురుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.