పక్కకు పిలిచి అడిగే జబ్బు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. గుండె డాక్టరు కనబడితే నలుగురిలోనే బీపీ సంగతి అడుగుతారు. నన్ను మాత్రం పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. అందుకే ఈ రోజు మైకులోనే చెబుతున్నాను.

నేను ఎక్కువగా పనిచేసింది స్కిజోఫ్రీనియా మీద. ఎవరూ లేకుండానే మాటలు వినబడతాయి, అయినవాళ్ల మీదే అనుమానం పుడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంది. మన బడిలో యాభై ఏళ్లుగా చదివినవాళ్లను మీరే లెక్కేసుకోండి.

దీని మందుల చరిత్రలో మన దేశానికీ వాటా ఉంది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధ వేరు ఉన్మాదానికీ, రక్తపోటుకూ పనిచేస్తుందని రాశారు. ఆ వేరు నుంచి తీసిన రిసెర్పిన్‌ను 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ మానసిక రోగులకు వాడి చూశారు. కానీ అప్పటికే, 1952లో, పారిస్‌లో డిలే, డెనికర్ క్లోర్‌ప్రొమజిన్ ఫలితాలు చూపించారు. అదే ప్రపంచమంతా పాకింది.

నాకు బాగా ఇష్టమైన కథ క్లోజపిన్‌ది. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడినవారిలో కొందరికి తెల్లరక్తకణాలు పడిపోయి, ఎనిమిది మంది చనిపోయారు. చాలా దేశాలు దాన్ని పక్కనపెట్టాయి. 1988లో జాన్ కేన్ బృందం ఏ మందుకూ లొంగని 268 మందిని తీసుకుని మళ్లీ పరీక్షించింది. పాత మందుతో నూటికి నలుగురు తేరుకుంటే, క్లోజపిన్‌తో ముప్పై మంది తేరుకున్నారు. ప్రమాదమని వదిలేయకుండా, వారం వారం రక్తపరీక్ష చేస్తూ ఇవ్వడం నేర్చుకున్నారు. నా లెక్కలో మందు కనిపెట్టడం కన్నా ఇది చిన్న పనేం కాదు.

నా పని చాలావరకు మందుల ట్రయల్స్‌లో. ఎవరికి ఏ మాత్ర వెళుతోందో రోగికీ తెలియదు, నాకూ తెలియదు. నెలల తరబడి నిద్ర, బరువు, మాట, చేతి వణుకు రాసుకోవడమే. చాలా మందులు ఆ దశలోనే పోతాయి. 1990లలో పక్కకు పోయిన జానోమెలిన్, దుష్ప్రభావాలను ఆపే ఇంకో మందుతో కలిసి, 2024లో అమెరికాలో అనుమతి పొందింది. ముప్పై ఏళ్లు!

ఇప్పుడు మన బ్యాచ్ సంగతి. లెక్కల్లో నాకంటే ముందుండే మిత్రుడొకడు డిగ్రీ రెండో ఏట మంచం పట్టాడు. గాలి సోకిందన్నారు. చెర్వుగట్టు మీద అమావాస్య నిద్ర చేయించారు, దర్గాకు తీసుకెళ్లారు. తప్పుపట్టను, దగ్గర్లో వాళ్లకు తెలిసిన దవాఖాన లేదు. దేవుడికి మొక్కండి, మాత్రా వేయండి అని నేను ఇప్పటికీ చెబుతాను. గొలుసు మాత్రం వద్దు. 2017 చట్టం దాన్ని నిషేధించింది.

90ల చివర్లో అతనికి క్లోజపిన్ మొదలైంది. మొదటి 18 వారాలు, వారానికోసారి, వాళ్ల తమ్ముడు తొలి బస్సుకు పట్నం తీసుకొచ్చి రక్తమిప్పించాడు. ఒక్క వారం తప్పలేదు. మాటలు పూర్తిగా పోలేదు, "దూరం జరిగినయి" అంటాడు. కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు. ఇదంతా అతను చెప్పమంటేనే చెబుతున్నాను.

ఈ సంచిక కోసం వేసిన బ్యాచ్ జాబితాలో అతని పేరు లేదు. కావాలని తీసేశారనను, ఎవరికీ గుర్తురాలేదు. సంపాదకులు అచ్చుకు ముందే చేర్చాలని కోరుతున్నాను.

ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈసారి కూడా పక్కకే పిలిచి అడుగుతామంటే, భోజనాలయ్యాక వేపచెట్టు కింద ఉంటాను.