జావా భాషలో జాతి, వ్యక్తి



కంప్యూటరునకు పని చెప్పు భాషలలో జావా యొకటి. ఇది 1995లో వెలువడినది. తర్కశాస్త్రములోని జాతి, వ్యక్తి యను విభాగము పెద్దలైన మీకు తెలిసినదే. గోత్వము జాతి, దొడ్డిలోని ఆవు వ్యక్తి. జావాలో జాతిని క్లాసనియు, వ్యక్తిని ఆబ్జెక్టనియు, ఉపజాతిని సబ్‌క్లాసనియు అందురు.

బ్యాంకు లెక్కలను తీసికొందము. ఖాతా యనునది మూలజాతి. పొదుపు ఖాతా, కరెంటు ఖాతా, ఫిక్సెడు డిపాజిట్టు దాని ఉపజాతులు. అడిగిన పేరునుబట్టి తగిన ఖాతాను పుట్టింపవలెను. "పొదుపైన నిది, కరెంటైన నది" యని స్విచ్ అను వాక్యముతో వరుసగా వ్రాయుట వాడుక. రకములు రెండుమూడే యై, పెరుగనిచోట నిది దోషము కాదు. ముప్పదియైనచో బారు పెరుగును. పైగా ఆ బారు ఖాతా తెరచుచోట నొకటి, వడ్డీ కట్టుచోట నొకటి, పాసుపుస్తకము అచ్చువేయుచోట నొకటి పుట్టును. కొత్తరకము వచ్చినపుడు ఒక్కచోట మరచినను, ఒక వృద్ధుడు దాచుకొన్న సొమ్మునకు వడ్డీ పడకపోవచ్చును.

దీనికి ఉపాయము రెండంచెలుగా నున్నది. వడ్డీ కట్టుట మున్నగు పనులను ఆయా ఉపజాతికే అప్పగింపవలెను. అపుడు "నీవే రకము?" అని మాటిమాటికి అడుగ నక్కరలేదు. ఇక మిగిలినది పుట్టించుట. దానికి మ్యాప్ అను పట్టిక కలదు. ఒక ప్రక్క ఖాతా పేరు, రెండవ ప్రక్క దానిని నిర్మించు విధము. 2014లో వచ్చిన జావా 8లో సప్లయర్ అను సాధనము చేరుటచే నిది సులభమైనది. కొత్తరకమునకు ఉపజాతిని వ్రాసి, పట్టికలో నొక వరుస చేర్చిన చాలును. నిఘంటువున కొత్తపదము చేరినంతనే చూచువిధము మారదు గదా!

ఇచట రెండు జాగ్రత్తలు వలయును. పట్టికలో సిద్ధమైన ఖాతాను ఉంచరాదు. ఉంచినచో అడిగినవారి కెల్ల నదే ఖాతా చేతికివచ్చి, ఒకరి సొమ్ము మరియొకరి సొమ్ముతో కలసిపోవును. అందుండవలసినది ఇటుకల అచ్చు, ఇటుక కాదు. రెండవది, పట్టికలో లేని పేరు వచ్చినపుడు ఏదో యొక ఖాతా నిచ్చి ఊరకుండరాదు. "ఈ రకము లేదు" అని స్పష్టముగా చెప్పి యచటనే ఆగవలెను.

మార్పు వచ్చినపుడు చేయిపెట్టవలసిన తావులు ఎంత తగ్గిన, తప్పునకు దారి యంత తగ్గును. లెక్కలు వ్రాయువాని నేర్పు, నమ్మి సొమ్ము దాచినవానికి రక్ష.